నెల్లాళ్ళు పిక్క ముట్టకు

భువనేశ్వరంలో ఆ అబ్బాయి
గాజుపలక మీద నా వేళ్ళు ఆనించి,
తుడిచి, మళ్ళీ ఆనించి
"ఏమీ పడట్లేదమ్మా" అన్నాడు ఒడియాలో.
కూర్మారావువి పడ్డాయి. లిప్సవి పడ్డాయి.
జగ్గుగాడిని అడగనే లేదు, నాలుగేళ్ళవాడని.
నావే, పది వేళ్ళూ
ఎవరూ తొక్కని ఇసక.

పదకొండేళ్ళు జీడిపిక్కలు కొట్టిన చేతులు మరి.
పగిలిన పిక్క చిమ్మే నూనె
బూడిద రాసుకున్నా ఆగదు.
తోలు కాలి, ఊడి, కొత్తది వచ్చి, అదీ కాలి,
గీతలు ఏ సీజన్లో పోయాయో చూసుకోలేదు.
కూలి డబ్బులు ఆ వేళ్ళతోనే లెక్కపెట్టుకున్నాను కదా,
ఉన్నాయనే అనుకున్నాను.

"నెల్లాళ్ళు పని మానేసి రండి" అన్నాడు.
నవ్వొచ్చింది.
ఈ మాట నాకెవరూ ఇంతవరకూ చెప్పలేదు.

రెండేళ్ళే.
ముట్వారాలో షెడ్డు కడుతున్నారు,
మిషన్లు బిగించి, అక్కడివాళ్ళకి నేర్పి
వచ్చెయ్యాలి ఆయన.
ఆ దేశం పిక్కలే ఓడెక్కి, లారీ ఎక్కి
మా కాశీనగరం దాకా వచ్చేవి,
గోనె మీద ఎవరికీ తెలియని పేర్లతో.
ఆ గోనె కత్తిరించే లిప్సకి బడిసంచి కుట్టాను.
ఇప్పుడు సంచి వచ్చిన దారినే
పిల్ల ఎదురు పోతోంది.

మనిషికి ఇరవై మూడు కిలోలన్నారు.
షెడ్డులో కాటా అడిగి తెచ్చాం.
చింతపండు తూచాం, రోలు తూచి నవ్వుకున్నాం,
పెట్టాం, తీశాం, దుప్పట్లు మళ్ళీ పెట్టాం.
మధ్యలో జగ్గుగాడు కాటా ఎక్కి కూచున్నాడు.
పద్నాలుగున్నర.
"నన్ను పెట్టెలో పెడితే ఇంకా చోటుంటుందా?"
ఉంటుంది నాన్నా, ఎనిమిదిన్నర కిలోలు.
పరిగెత్తి గుడ్డ ఏనుగుని తెచ్చాడు.

రెండేళ్ళంటే ఎంతని చెప్పను వాడికి?
రెండు రథయాత్రలని ప్రమీళా మౌసి,
వంశధారకి రెండు వరదలని వాళ్ళ నాన్న.
వాడు రెండూ కలిపి, వేళ్ళు మడిచి,
నాలుగు అన్నాడు.

లిప్స భయం వేరు.
ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా,
కొత్తూరు సంతలో రెండూ.
"అక్కడ ఒడియా మర్చిపోతే
మళ్ళీ ఒకటోక్లాసులో కూచోబెడతారా?"
పెద్దమేడం రిజిస్టరులో పేరు కొట్టెయ్యలేదు,
పక్కన పెన్సిల్ చుక్క పెట్టింది.
ఆ చుక్క చూసొచ్చాకే
పిల్ల అన్నం తిన్నది.

అప్పట్నుంచీ రోజూ పొద్దున్నే
నా బొటనవేలు దీపం మసిలో అద్ది
పాత నోటుబుక్కులో ఒత్తుతుంది,
కింద తేదీ వేస్తుంది.
వారమంతా మచ్చలే.
పన్నెండోనాడు, అంచున,
వెంట్రుకంత గీత.
"అమ్మా, వచ్చింది!"
వీధి వీధంతా వచ్చి చూసింది.

పైడమ్మ కూడా వచ్చింది, షెడ్డులో నా పక్కపీట.
నా వేలు చూసింది,
తన వేళ్ళు చూసుకుని కొంగులో పెట్టుకుంది.
"ఆ మిషను మనలాగే కొడుతుందేటమ్మా?"
కూర్మారావు అన్నం కలుపుతున్నాడు.
"మనకంటే బేగి" అన్నాడు.
"మరి ఇక్కడికీ వస్తాదా?"
ఆయన కంచంలో నీళ్ళు పోసేసుకున్నాడు,
ఇంకా రెండు ముద్దలుండగానే.

రెండోసారి ఎనిమిది వేళ్ళు పడ్డాయి.
కుడి చూపుడువేలూ, ఎడమ బొటనవేలూ
ఎంతకీ రాలేదు.
చాల్లెమ్మన్నాడు ఆ అబ్బాయి.

రాత్రి రైల్లో ఏనుగు మీద జగ్గుగాడు,
వాడి మీద నేను, నిద్ర.
ఇల్లు చేరేసరికి తెల్లారింది.
చాలన్నారు కదే, అంటూనే ఉన్నాను.
లిప్స వినలేదు.
కొత్త తేదీ వేసి
మసి చిప్ప నా ముందు పెట్టింది.