చెప్పుల పద్దు

యుఫాలా ఇంకా రెండు మైళ్ళుందనగా
బానెట్ లోంచి ఆవిరి లేచింది.
అలబామా ఎండ. మధ్యాహ్నం నాలుగిళ్ళకి వెళ్ళాలి,
ఏడు మోకాళ్ళు వంచాలి.
ఒకాయనకి ఒకటే కాలు.

ఎదురుగా రేకుల షెడ్డు.
రేడియేటర్లు బాగుచేస్తామన్న బోర్డులో
అక్షరానికో రంగు,
డి అక్షరం పొట్టలో కోడిపెట్ట పొదుగుతోంది.

లవాన్ ప్రూయిట్ కి డెబ్బై ఆరు.
మంచినీళ్ళకి వెనక ఇంట్లోకి రమ్మన్నాడు.
గుమ్మంలో అలవాటుగా బూట్లు విప్పి
తలెత్తితే, ఏరు.

కప్పు నిండా ఏరు.
మీసాల చేపలు, ఓ తాబేలు, మునిగిన ఫోర్డు ట్రక్కు,
దాని స్టీరింగ్ ముందు తీరిగ్గా ఒక ఎండ్రకాయ.
కింద నిలబడితే అడుగున ఉన్నది మనమే,
తెలీకుండానే ఊపిరి బిగబట్టుకుంటాం.

బొమ్మలెవరు నేర్పారంటే
"నడుము" అన్నాడు.
ఎనభై తొమ్మిదిలో జాకీ జారి
నాలుగు నెలలు వెల్లకిలా పడుకున్నాడట.
చీపురుకర్రకి బ్రష్షు కట్టి
మొదటి చేపని వేశాడట.
నీలం చుక్కలు కంట్లో పడేవట.

ఫ్రిజ్ తలుపు మీద ఫ్రిజ్ లోపలి బొమ్మ:
అర డజను గుడ్లు, సగం కోసిన నిమ్మకాయ.
"తీయకుండానే చూసుకోవచ్చు, కరెంటు ఆదా."
గుడ్లు అయిపోయి చాన్నాళ్ళయిందట.

షెడ్డు గోడ సంగతి వేరు.
అక్కడంతా మనుషులు.
ఊళ్ళోవాళ్ళు ఇళ్ళకి వేసుకోగా మిగిలిన
డబ్బా అడుగు రంగులే అన్నీ.
చర్చి తలుపు ఎరుపు
ఇక్కడొకావిడ పెదాల మీద ఉంది.

వందమంది పైనే, బస్సు కోసం నిలబడ్డట్టు.
కొందరికి బూట్లు. కొందరివి వట్టి కాళ్ళు.
"బాకీ తీర్చినవాళ్ళకి బూట్లు" అన్నాడు
టంకం మంట మీంచి చూపు తిప్పకుండా.
మా వీధి కొట్లో 'అరువు రేపు' అని అట్టముక్క వేలాడేది.
ఈయన దగ్గర అరువు ఇవాళే.

వట్టి పాదాల్నే ఎక్కువ శ్రద్ధగా వేశాడు.
ఆనెలు, పగుళ్ళు, వంకర బొటనవేళ్ళు.
ఒక మోకాలు చూసి పేరు చెప్పేశాను,
మంగళవారాలు దాన్ని వంచేది నేనే.
మిస్ ఒలీటా. పన్నెండేళ్ళుగా అరవై డాలర్లు.

మూల ఒకతనికి బంగారు రంగు బూట్లు.
"బాగా ఇచ్చాడా?"
"పైసా ఇవ్వలేదు. పోయాడు.
అంత దూరం వట్టి కాళ్ళతో ఎలా నడుస్తాడు?"

కార్డు చెల్లదన్నాడు. నూట నలభై, నోట్లే కావాలి.
కాగితం రాయలేదు, ఫోన్ నంబరడగలేదు.
నా మొహం ఒకసారి చూశాడు, అంతే.

రోజూ వెళ్ళే దారే. రోజూ హారన్ కొట్టి,
చెయ్యూపి,
మూడు వారాలు దాటేశాను.
ఎందుకంటే ఏం చెప్పను.

నాలుగో వారానికి గోడెక్కాను.
నీలం యూనిఫాం, మెడలో బ్యాడ్జి,
బొట్టుబిళ్ళ కాస్త పక్కకి.
నిజమే, చెమటకి జారుతుంది.
వట్టి కాళ్ళు. రెండో వేలికి మెట్టె కూడా!

నోట్లు లెక్కపెట్టకుండా జేబులో కుక్కి
"ఏ రంగు?" అన్నాడు, డబ్బాల మూతలు తీస్తూ.
వద్దన్నాను. అలాగే ఉండనీ,
ఇంట్లోకొస్తే మా కాళ్ళకేమీ ఉండవు.
"కుదరదు. చూసేవాళ్ళు
నువ్వింకా బాకీ అనుకుంటారు. నా లెక్క తప్పుతుంది."

బ్రష్షు వెనకవైపుతో చెవి గోక్కున్నాడు.
టైరు మీద కూర్చున్నాడు. లేచాడు.
బయట ఎవరిదో ట్రక్కు వచ్చి ఆగినా చూళ్ళేదు.

తర్వాత వంగి, నడుం పట్టుకుని,
నా పాదాల పక్కన నేల మీద
ఒక జత బూట్లు వేశాడు.
లేసులు వదులుగా, ఒకటి పక్కకి ఒరిగి.

నేనలా పడెయ్యనన్నాను.

"అలాగే పడేశావు" అన్నాడు.