ఐసుపెట్టె

మా చిత్తూర్లో సీజనంటే మామిడికాయల సీజనే.
గిరింపేట దాకా లారీలు బారు తీరుంటాయి,
తోతాపురి రసం కారిన రోడ్డుకు చెప్పులు అతుక్కుంటాయి.
ఇంకో సీజను కూడా ఉండేదంటే
టీకొట్టు షణ్ముగం ఇప్పటికీ నవ్వుతాడు.

పద్నాలుగు మ్యాచులు.
గుజ్జు ఫ్యాక్టరీ ఓనరు చెంగల్రాయుడు
మమ్మల్ని నెలజీతానికి పెట్టుకోని ఆడించిన హాకీ.
పండిన కాయ రంగు బనీన్లు.
ఒక్క ఉతుకుకే వీపు మీది అంకెలు లేచిపోయినాయి,
ఏడు ఒకటైంది, ఎనిమిది మూడైంది,
ఎవుర్ని బయటికి పంపాలో తెలీక
అంపైరు అందర్నీ తిట్టినాడు.

నేను రెండో గోల్‌కీపర్ని.
అంటే, ఏమీ కాదు.
తెల్లారే ఐసు ఫ్యాక్టరీకి పోయి
రంపప్పొట్టు అంటుకున్న గడ్డ కొనుక్కోని,
గోనెపట్టాలో చుట్టి సుత్తితో పగలగొట్టి,
చేపలోళ్ళ పాత థర్మాకోల్ పెట్టెలో నింపుకోని
గీత అవతల కూర్చునేది నా ఉద్యోగం.
కోచి శామ్యేలు సారుకు ఎవురెంత పరిగెత్తుతారో తెలుసు.
ఎవురి మోకాలు ఎంత వేడిగా ఉండాదో
నాకు మాత్రమే తెలుసు.

ఢిల్లీబాబు ఎడమ చీలమండ
గుడిపాల మ్యాచి నుంచీ వాపే.
కుప్పన్న బొటనేలు రెండుసార్లు గోరు మార్చింది.
అల్తాఫ్, అదే మొదటి గోల్‌కీపరు,
ఎంత దెబ్బ తగిలినా ఐసు పెట్టనీడు,
ముక్క లాక్కోని నోట్లో ఏసుకోని
కరకరా నములుతాడు.

నగరిలో గెలిస్తిమి. పుత్తూర్లో గెలిస్తిమి.
మదనపల్లెలో వాన,
బురదలో బంతి కూరుకపోతే
రెండు జట్లూ వంగి దాన్ని వెతికిందే ఆట.
వేలూరోళ్ళు ఆరు గోల్సు కొట్టి
పాపమని మాకు పరోటాలు పెట్టించినారు.
ఆ రాత్రి కాట్పాడి ప్లాట్‌ఫారం మీద
కర్రలు తలకింద పెట్టుకోని పడుకుంటిమి.
ఓడిపోయింది ఎవురూ ఎత్తలేదు.
కుర్మా బాగుండె, అన్నాడొకడు చీకట్లో.

పన్నెండో మ్యాచికి గుజ్జు కొనేవాడు లేడు.
బస్సు మానేసి లారీ పంపినారు.
ఖాళీ క్రేట్ల నడుమ నిలబడి
పుల్లటి వాసన పీల్చుకుంటా
ఆఖరాటకు తిరుపతికి పోతిమి.

ఎండ.
ఒకటీ ఒకటి. ఇంక నాలుగే నిమిషాలు.
అల్తాఫ్ కళ్ళు తిరిగి పడిపోయె.
నేను వాడి నెత్తిన రెండు చేతులా ఐసు పట్టుకోనుంటే
సారు నా భుజం తట్టినాడు:
ప్యాడ్లు కట్టుకో.

ఎన్నో దినాలుగా చూస్తా ఉన్న గీత
మొదటిసారి దాటితి.
మా ఇంటి వసారా కంటే వెడల్పుండాది గోలు.
ఇంతలోనే వాళ్ళకు పెనాల్టీ.
తొడుగుల్లో నా వేళ్ళు మొద్దుబారి ఉండాయి,
ఎవురివో చేతులు అరువు తెచ్చుకున్నట్టు.

వాడు కొట్టినాడు. బంతి నాకు కనపళ్ళేదు.
వెనక్కి తిరిగి వలంతా వెతికినాను.
లేదు.
ఇటు తిరిగేసరికి మావోళ్ళంతా
అరుస్తా నా మీదికి పరిగెత్తి వస్తా ఉండారు.
ఏమైందని అడిగేదానికి సిగ్గేసింది.

సాయంత్రం తొడుగు తీస్తే
బొటనేలి మొదట్లో నల్లగా కమిలి ఉండె.
పెట్టెలో చూస్తే నీళ్ళే.

డ్రా. పట్టికలో ఆరో జట్టుమి
ఆరో జట్టుగానే ఉండిపోతిమి.
మరుసటి ఏడాది జట్టే లేదు.
ఆఖరి నెల జీతం కింద
మనిషికి పన్నెండు డబ్బాల గుజ్జు, లేబుళ్ళు కూడా లేవు.
చెక్కయితే వెనక్కొస్తుంది,
ఇది రాదులేప్పా, అన్నాడు చెంగల్రాయుడు
మా మొఖాల్లోకి చూడకుండా.

పదకొండు తినేస్తిమి.
పన్నెండోది బీరువా పైన ఉండాది.
ఎండాకాలం వస్తే దాని మూత
ఢిల్లీబాబు చీలమండ మాదిరి ఉబ్బుతుంది.
పారెయ్యమంటుంది మా ఆమె.
నేను స్టూలు ఎక్కి
దాని మీద చెయ్యి పెట్టి చూస్తా,
ఎంత వేడిగా ఉండాదో అని.