ఒక్క జత గొట్టాలు

నరసన్నపేట బైపాసు పక్క
పొట్నూరు వారి షెడ్డులో
గోడకి చేరబడి నిల్చున్నాయి బ్లేడులు.
పసుపుది ఆరడుగులు, ఎర్రది ఏడు.

"ఏది కావాలి?" అని
గుప్త గారు మా తమ్ముడు తవిటినాయుణ్ణి అడిగేరు.
వాడు నా వేపు చూసేడు.
అప్పుడాయన కూడా నా వేపు చూసి
కుర్చీ తెప్పించేరు.

నేను కూర్చోలేదు.
వంగి, కింది అంచుని గోరుతో గీకేను.
రంగు లేచింది, ఇనుము లేవలేదు.
అంచు బోల్టులది. అరిగితే తిరగేసి బిగించుకోవచ్చు,
కుచ్చిళ్ళ దగ్గర నలిగిన చీరని
తిరగేసి కట్టుకున్నట్టు.

మాది ఎకరం డెబ్భై సెంట్లు.
పోయినేడు వంశధార వచ్చి
మోకాలెత్తు ఇసక మేట వేసి
రసీదు ఇవ్వకుండా వెళ్ళిపోయింది.
నెల్లాళ్ళు తట్టలతో మోసేం.
తట్టలకి లెక్కుంది, ఇసకకి లేదు.

ఆరడుగులది చవక.
"చక్రాలు దాటుతాదా?" అన్నాను.
"దాటుతాదప్పా, తిన్నగా ఉంటే."
"వాలుగా తిప్పితే?"
ఫిట్టరు కృపారావు సుద్దముక్కతో నేల మీద గీసేడు.
వాలుగా తిరిగితే ఏడడుగులది ఆరవుతుంది,
ఆరడుగులది ఐదూ చిల్లర.
చక్రం జాడ బైటే మిగిలిపోతుంది.
వంగినదల్లా పొట్టిదవుతుందని
నా నడుముకి ఎప్పుడో తెలుసు.

ఇన్నాళ్ళూ అద్దెకి తెచ్చినది పిన్నులది.
వాలు మార్చాలంటే తవిటినాయుడు దిగాలి,
సుత్తితో పిన్ను కొట్టాలి, భుజంతో ఇనుముని నెట్టాలి,
చిల్లు చిల్లుకి కుదరకపోతే
నదినీ, నన్నూ, కంపెనీవాడి తాతనీ తిట్టాలి,
మళ్ళీ ఎక్కాలి.
పూటకి నలభైసార్లు.
వాడి బొటనవేలి గోరు నల్లబడింది,
ఇంకా ఊడలేదు.

ఇదైతే మీట లాగితే చాలు.
గొట్టంలో నూనె పరుగెత్తి
ఇనుము తనే ఒళ్ళు కదుపుకుంటుంది.
మూడు సిలిండర్లది కూడా ఉంది:
తిరగడానికొకటి, ఒరగడానికొకటి,
పక్కకి జరగడానికొకటి.
గుప్త గారు దాన్ని దూడని నిమిరినట్టు నిమిరేరు.

కృపారావు మా బండి వెనక్కి వెళ్ళి
వంగి చూసి లేచేడు.
"అప్పా, నీ బండికి ఒక్క జత గొట్టాలకే దారుంది.
మూడు కొని ఏటి సేత్తావు?
ఒక్కటే కదుల్తాది. మిగిలినవి పిన్నులే.
ఏదో నువ్వే తేల్చుకో."

"తిరగడమే. అందరూ అదే పట్టుకెళ్తారు" అన్నారు గుప్త గారు.
"తిరగడమే" అన్నాడు తవిటినాయుడు
గోరు చూసుకుంటూ.

నేను షెడ్డు బైటికొచ్చి నిల్చున్నాను.
ఎడ్లు లాగే దమ్ము పలక మీద
బరువు కోసం నన్నెక్కించేవారు.
ఎనిమిదేళ్ళ దాన్ని.
"గుంటా, ఎడం కాలు నొక్కు!" అని మా అయ్య అరిస్తే
ఎడం పక్క దిగి మెరక కోసుకునేది.
కుడి అంటే కుడి.
గెడ్డ వేపు మూల జానెడు పల్లమని
కళ్ళకంటే ముందు నా మడమలు కనిపెట్టేవి.
ఆ రోజుల్లో ఆ మడికి
హైడ్రాలిక్ నేనే.

"ఒరగడం" అన్నాను లోపలికెళ్ళి.

"మరి నా వేలో?" అన్నాడు తవిటినాయుడు.
దానికి నా దగ్గర జవాబు లేదు.
టీ వచ్చింది. తాగేం.
గుప్త గారు కొత్త సుత్తి ఒకటి
ఊరికే ఇచ్చేరు, రబ్బరు పిడిది.

బిల్లు మీద పేరు?
"గేదెల సూరీడమ్మ."
"భర్త పేరమ్మా?"
"ఏడడుగులని రాయండి ముందు."
కృపారావు నవ్వేడు.
గుప్త గారికి కాసేపటికి అర్థమయ్యింది.

మడపాం వంతెన మీద గాలి.
కింద వంశధార, ఏమీ ఎరగనట్టు,
సన్నగా, ఓ పక్కకి.
తవిటినాయుడు ఊరికే ఓసారి మీట లాగేడు.
వెనక ఎడం మూల కిందికి వాలింది.
మడ్‌గార్డు మీద కూర్చున్న నా ఎడం కాలు
దానంతటదే నొక్కింది.

"అప్పా" అన్నాడు వాడు,
"సుత్తి అక్కడే మర్సిపోనాం."
వంతెన దాటేక
బండి వెనక్కి తిప్పేం.