ఒడ్డు యాడుండాదో చెప్పు

మూడు కొటేషన్లు వచ్చాయి మా చేపల సంఘానికి.
కండలేరు గాలికి ఎగిరిపోకుండా
వలకు కట్టే సీసం గుళ్ల మూట పెట్టి
ఒక్కొక్కటే చదివాను,
పదో తరగతి దాకా చదివిన కార్యదర్శిని.

ఒకటి నెల్లూరు ట్రంకురోడ్డు కొట్టుది.
నాలుగు ఇనుప స్తంభాలు, పైన మోటారు.
బటన్ నొక్కితే పడవ ఊయల్లో బిడ్డలా లేస్తుందట.
బొమ్మ కూడా వేశారు నున్నటి కాగితం మీద:
నీలంగా ఒక సరస్సు, గీత గీసినట్టు ఒడ్డు,
చెక్క వంతెన చివర ఒక తెల్లకుక్క.
ఆ నీళ్లు ఎవరికీ బాకీ లేనట్టున్నాయి.

రెండోది పొదలకూరు వెల్డరు సుభానీ
అగ్గిపెట్టెల అట్ట మీద రాసిచ్చింది.
వాలుగా రెండు పట్టాలు, చక్రాల బండి,
చేత్తో తిప్పే గిలక.
'లేబరు వేరే' అని కింద రెండు గీతలు.

మూడోది కాగితమే కాదు.
మానికల చెంచురవణమ్మ నోటిమాట:
"ఖాళీ డ్రమ్ములు ఎనిమిది తెండిరా."

మాకున్నది ఒకటే ఫైబరు పడవ.
సబ్సిడీ పోను డెబ్బైరెండు వేలు,
ముప్పైఆరు ఇళ్లు, తలా రెండు వేలు.
దీని ముందరిది చెక్కది.
కార్తీకంలో తుఫాను రాత్రి
కట్టరాళ్లకు తల కొట్టుకుని కొట్టుకుని పోయింది.
పొద్దున చెక్కలు ఏరుకొచ్చాం గానీ
ఎవరూ పొయ్యిలో పెట్టలేదు.
అందుకే ఈ పడవను నీళ్లకు వదలం, ఎత్తి పెట్టుకుంటాం
అని తీర్మానం రాశాను.
సంతకాలు పదిహేడు, వేలిముద్రలు పంతొమ్మిది.

చైత్రం ఎండలో కొట్టు మనిషి టేపు పట్టుకుని దిగాడు.
"ఒడ్డెక్కడమ్మా? స్తంభాలు పాతే చోటు చూపించండి."
చెంచురవణమ్మ కొంగు దోపుకుని ముందు నడిచింది.
"దీపావళికి ఇదిగో, ఈ తుమ్మచెట్టు మొదట్లో.
శివరాత్రికి ఆ గుండు కాడ.
ఉగాది దాటిందా,
నడువు నాయనా, ఇంకా నడువు,
ఈ బావి కాడ."

బావా? అన్నాడు, బూటుకంటిన బురద దులుపుకుంటూ.

"మా అత్తోళ్ల ఊరిది. నీళ్లు పోయినప్పుడు బయటపడతాది.
మద్రాసోళ్లకు దప్పిక ఎక్కువైన ఏడు
ఈ గట్టు మీదే కూచోని వక్కాకు నమిలినాం.
ఇప్పుడు ఒడ్డు యాడుండాదో నువ్వే చెప్పు,
ఆడ పాతుదువు."

టేపు సర్రుమని దానంతటదే చుట్టుకుపోయింది.

సుభానీ మంచోడు.
"పట్టాలు ఏస్తానన్నా,
ఏటా ఒండ్రు మింగుద్ది, ఏటా తవ్వి మళ్లీ ఏస్తా.
నాకు బాగానే ఉంటది" అని
అట్ట వెనక్కి తీసుకున్నాడు.
తరవాత ఆ అట్ట వెనకే
డ్రమ్ములకు చట్రం బొమ్మ గీశాడు.

రొయ్యల గుంటల కాడ అడిగి తెచ్చిన నీలం డ్రమ్ములు.
మూతలు వదులు చేస్తే
గుడగుడ నీళ్లు తాగి చట్రం మునిగింది.
పడవను దాని మీదికి తోశాం, మెడలోతు నీళ్లలో పదిమందిమి.
పంక్చరు షాపు కంప్రెసరు ఆటోలో వచ్చింది.
గాలి కొట్టేకొద్దీ
ఒక్కో డ్రమ్మూ తాగిన నీళ్లు కక్కింది.
ముందు ఎడమవైపు, తరవాత వంకరగా కుడివైపు,
సుభానీ తిట్లు, అందరి అరుపులు,
ఆఖరికి పడవ నీళ్లు కారుతూ పైకి లేచింది.
దాని అడుగు నేను చూడటం అదే మొదలు.
పచ్చటి పాచి, ఒక పొడుగాటి గీత,
గీతలో ఇరుక్కుని గోరంత రాయి.
చెంచురవణమ్మ రాయి పీకి
నీళ్లలోకి విసిరింది.

ఇక మిగిలింది ఆఫీసు ఫారం.
'ఏర్పాటు చేసిన స్థలం' అని ఒక గడి.
'నీళ్లున్న చోట' అని రాశాను. వెనక్కి వచ్చింది.
'నీళ్లతోపాటు' అని రాశాను. సర్వే నంబరు కావాలని
ఎర్రసిరాతో వెనక్కి వచ్చింది.
మూడోసారి తుమ్మచెట్టున్న నంబరు రాశాను.
ఒప్పుకున్నారు.

అప్పటికి పడవ
చెట్టుకు కనపడనంత దూరంలో
బావి పక్కన
ఆరుతూ ఉంది.