ఖాళీ బరువు

అంబాజీపేట లారీ కాటా దగ్గర రాత్రి డ్యూటీ నాది.
గదిలో ఒక టేబులు, ఒక ఫ్యాను, ఓనరు గారి కంప్యూటరు.
కాటా లెక్క తప్ప అందులో ఇంకేదీ ముట్టుకోకూడదని మాట.
నేను ముట్టుకోను.

జేబులోంచి బొటనవేలంత పెన్‌డ్రైవు తీస్తాను.
పాలిటెక్నిక్ ల్యాబులో పనిచేసే మా నూకరత్నమక్క
లినక్స్ ఎక్కించి ఇచ్చింది:
"హార్డ్‌డిస్కు జోలికెళ్లదురా ఇది,
ర్యాములో కాపరం పెట్టి
పొద్దున్నే మూటాముల్లే సర్దేస్తది."

ఎఫ్ పన్నెండు నొక్కుతాను.
నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు
లాకులెత్తితే కాలవలోకి నీళ్లు దిగినట్టు
దబదబా దిగి, ఆగుతాయి.
చివర ఒక గీత మిణుకుమంటూ
ఏంటి సంగతి, అంటుంది.

ఎల్ఎస్ అంటే చూపిస్తుంది. సీడీ అంటే నడుస్తుంది.
ఆర్ఎమ్ అంటే మారుమాట లేకుండా చెరిపేస్తుంది.
మొదటి రాత్రే అంతా చెరిపేసి చెమటలు పట్టాయి.
ఆపి మళ్లీ వేస్తే, ఏమీ జరగనట్టు లేచి కూర్చుంది.
తప్పు చేస్తే ఇంత తేలిగ్గా వదిలేసినవాళ్లు
నాకు ఇంతవరకూ తగల్లేదు.

హారన్.
కొబ్బరికాయల లోడు.
పెన్‌డ్రైవు పీకాలి, విండోస్ లేవాలి, దానికి నాలుగు నిమిషాలు.
డ్రైవరు పల్లంరాజు కిటికీలోకి తల పెడతాడు:
"ఏం బాబూ, కాటా నిద్దరోతందా?"
"లేస్తందన్నా."
ఖాళీ బరువు సాయంత్రమే తీశాం. ఇప్పుడు నిండు బరువు. చీటీ.

లారీ వెళ్లాక చూసుకుంటే
గంటసేపు రాసిన స్క్రిప్టు లేదు.
సేవ్ చేశాను. ర్యాములో చేశాను,
ఇసకతిప్ప మీద ఇల్లు కట్టి పట్టా అడిగినట్టు.

మళ్లీ రాశాను. రావులపాలెం లోడు.
మళ్లీ రాశాను. హారన్.
నాలుగోసారి వేళ్లే రాసుకుపోయాయి,
నేను పక్కన కూర్చుని చూశాను.

నెల తర్వాత అక్క నాలిక్కరుచుకుంది:
"పెర్సిస్టెన్స్ పెట్టడం మర్చిపోయాన్రా,
అది ఉంటే రాసిందంతా పెన్‌డ్రైవులోనే నిలబడతది."
పెట్టించుకున్నాను. ఇప్పుడు ఫైళ్లు ఉంటున్నాయి.
ఎందుకో, వాటిని తెరిచేది తక్కువ.

మొన్న తెల్లారుజామున లారీల్లేని వేళ
పెన్‌డ్రైవు గుప్పిట్లో పెట్టుకుని
కాటా మీదికెక్కి నించున్నాను.
అరవై, అన్నాయి ఎర్ర అంకెలు.
దాన్ని టేబులు మీద పెట్టొచ్చి మళ్లీ ఎక్కాను.
అరవై.

కాటాది తప్పేం లేదు,
పది కేజీలకి తక్కువది దానికి ఆనదు.
మలుపులో లైట్లు కనబడ్డాయి.
దిగాను.