పక్క సీటు

ఎనిమిది నెలలు ఆవిడకి ఎడమ పక్కన కూర్చున్నాను.
నా పనల్లా ఏ పనీ చెయ్యకుండా ఉండడం.
ముప్ఫై ఒక్క ఏళ్లు ఈ మేయో తీరమంతా
రొట్టెల వ్యాను తిప్పినవాణ్ణి,
చట్టం లెక్కలో ఇప్పుడు నేనూ ఒక సామానే:
స్టెప్నీ, జాకీ, ఫెస్టస్.
నేర్చుకునే మనిషి ఒంటరిగా బండి తియ్యకూడదు మరి.

అట్రాక్టా లవెల్‌కి అరవై మూడు.
మా పోస్టాఫీసు మూతపడేదాకా ఆ కిటికీ వెనక ఉన్నది ఆవిడే.
ఎన్ని ఇళ్ల పిల్లల లైసెన్సు దరఖాస్తులు
ఆవిడ అంటించిన బిళ్లలతో ఊరు దాటాయో!
తన దరఖాస్తు వెయ్యడానికి మాత్రం
పదకొండు మైళ్ల అవతలి పోస్టాఫీసుకి
నేనే తీసుకెళ్లాల్సొచ్చింది.
దారంతా ఆవిడ కిటికీలోంచి చూస్తూ ఉంది,
దూరాన్ని మొదటిసారి తూకం వేస్తున్నట్టు.

రాతపరీక్షలో నలభైకి ముప్ఫై ఎనిమిది.
తప్పిన ఆ రెండూ ప్రశ్నల తప్పేనని ఇప్పటికీ వాదిస్తుంది.
కళ్ల డాక్టరు సంతకం, మాస్టారి దగ్గర పన్నెండు పాఠాలు,
మిగతాదంతా నా ప్రాణం మీద.
ఆదివారం ప్రార్థన అయ్యాక
చేపల షెడ్డు వెనక ఖాళీ జాగాలో రివర్సు.
బీడు రోడ్డు మీద గొర్రెలు అడ్డొస్తే
హారను కొట్టదు, అద్దం దించి బతిమాలుతుంది.
నా వైపు లేని బ్రేకుని నేను తొక్కుతూనే ఉన్నాను,
కాలికింద పట్టా చిల్లుపడేదాకా.

స్టీరింగు మీద ఉడుంపట్టు.
మా వైపు ఎదురొచ్చిన బండికి
చూపుడువేలు ఒక్కటి లేపి పలకరిస్తాం, అంతే, ఎక్కువ అక్కర్లేదు.
ఆవిడ అదీ లేపేది కాదు.
పోస్టాఫీసు పోయాక అట్రాక్టాకి పొగరెక్కిందని
రెండు మూడు ఇళ్లలో అనుకున్నారట.

మొదటిసారి బల్లినాలో తప్పింది.
రౌండబౌట్ దగ్గర ఆగి
వచ్చినవాళ్లకల్లా దారిచ్చింది,
క్యూలో ముసలాళ్లని ముందుకి పంపినట్టు.
కాగితం మీద వరసగా టిక్కులు: 'ముందుకు సాగడం లేదు.'
చదివి, నాలుగు మడతలు పెట్టి, సంచిలో వేసుకుని,
"మా తమ్ముడూ ఇదే అనేవాడు" అంది.
ఇంటిదాకా ఇంకో మాట లేదు.
గేరు మాత్రం ఒక్కసారి కూడా కీచుమనలేదు.

రెండోసారి వాన.
పరీక్ష పెట్టే అమ్మాయికి ముప్ఫై ఉండవు.
నేను లోపల బెంచీ మీద, చిప్సు మిషను పక్కన.
నేను లేకుండా ఆ కారు మూల తిరగడం
అప్పుడే మొదటిసారి చూశాను.
కుడికాలు అలవాటుగా నేలని నొక్కింది.

నలభై నిమిషాలకి తిరిగొచ్చింది,
కుడి చెయ్యి మోచేతిదాకా నీళ్లోడుతూ.
చేతి సంజ్ఞలు ఎలా ఇస్తారో చెప్పమన్నారట.
ఆవిడ చెప్పలేదు, అద్దం దించి ఇచ్చింది.

పాసైంది.
అయినా కార్డు చేతికొచ్చేదాకా నేనుండాల్సిందే,
ఆ రోజు ఇంటికి కూడా.
వైపర్లు తప్ప ఎవరమూ మాట్లాడలేదు.
ఇద్దరికీ తెలుసు, ఆవిడ గెలుచుకున్నదేమిటో:
పక్క సీటు ఖాళీగా ఉంచుకునే హక్కు.

పోస్టులోనే వచ్చింది కార్డు.
ఎర్ర ఎల్ అక్షరం గోటితో గీకి తీసి
అక్కడే ఎర్ర ఎన్ అంటించాం.
అంటే కొత్త చెయ్యి అని, రెండేళ్లు ఉండాలి.
"అరవై అయిదు దాకా కొత్తదాన్నే" అని
మురిసిపోయింది.

గురువారం చెత్తబండి వచ్చే రోజు.
డబ్బా గేటుదాకా ఈడుస్తున్నాను.
కొండ దిగి వచ్చింది కారు, తొందరేం లేకుండా.
నా సీట్లో చేతిసంచి, దానికి బెల్టు కూడా పెట్టింది.
నా ఎదురుగా రాగానే
స్టీరింగు మీంచి లేచింది
ఒకే ఒక్క వేలు.

నా రెండు చేతులూ డబ్బా మీదే ఉండిపోయాయి.
గడ్డం ఎత్తేసరికి
మలుపు తిరిగిపోతోంది,
ఇండికేటరు వేసి,
వెనకా ముందూ ఎవరూ లేకపోయినా.