తొమ్మిదో నంబరు

నల్లగొండ గడియారం సెంటర్ వెనక, రెండో అంతస్తు.
కింద మిర్చి బజ్జీల నూనె వాసన,
పైన ఇరవై మూడేళ్ల ప్రోగ్రాం.
జిల్లాలో సహకార సంఘాలన్నీ
పొద్దున్నే దాని మొఖం చూసే పని మొదలుపెడ్తయి.

సోమవారంలోగా పనికిరానివి తీసెయ్యమన్నడు ప్రభులింగం.
పట్టిక ముందర పెట్టిండు,
ఏ నంబరు ఎన్నిసార్లు నొక్కిన్రో ఏడాది లెక్క.
అప్పు ఇచ్చుడు, లక్షా పన్నెండు వేలు.
ఎరువుల బిల్లు, రెండు లక్షల పైచిలుకు.
తొమ్మిదో నంబరు, కరువు వాయిదా:
ఒకటి.

ఒకటంటే ఒకటే.
సున్నా అయితే ఇంత ఆలోచన లేకపోవు.

వాదన నాకూ తెలుసు, నేనే ఎన్నోసార్లు చేసిన.
ఎవరూ ఉండని అర్రను ఊడ్చినా చీపురు అరుగుతది.
ఆ ఒక్క నంబరు కోసం
పాత లైబ్రరీ ఒకటి మోస్తున్నం,
దాన్ని చేసిన కంపెనీయే మూతపడ్డది.
రోజూ తెర తెరుచుకునే ముందు
పదకొండు సెకన్లు ఇసుక గడియారం తిరుగుతది,
అది కరువు పట్టికలు వెతుక్కునే టైమని
నాకు తప్ప ఎవరికీ తెలవదు.
కాలువ నీళ్లొచ్చినంక
కరువు ఎవడు నొక్కుతడు మేడం, అన్నడు ప్రభులింగం.
అతనిది తప్పనలేను.

కోడ్ తెరిచిన.
గౌసుద్దీన్ సార్ రాసింది. ఆయన పోయి ఆరేళ్లు.
రెండు వేల రెండు, సెప్టెంబరు.
వరుసలు ఎగుడుదిగుడుగా ఉన్నయి,
తొందరల కుట్టిన గోనెసంచి లెక్క.
వాన పడని మండలం, ఎండిన సర్వే నంబరు,
ఎన్ని నెలలు జరపాలె, ఏ వడ్డీ ఆపాలె,
అన్నీ అడుగుతది,
రైతును కాదు, మొగులును విచారణ చేసినట్టు.
మధ్యల ఇంగ్లీషు అక్షరాలతోని ఒక తెలుగు మాట:
"దీన్ని తియ్యాలంటే ముందు నన్నడుగు."
ఎవర్నడగాలె ఇప్పుడు?

ఆ ఒకటి ఎక్కడిదో వెతికితే
చందంపేట సంఘం, మార్చి పద్దెనిమిది.
మూడు నిమిషాలు తెరిచి, రద్దు చేసిన్రు.
ముందటేడూ అంతే. అంతకు ముందూ.
వేలు జారి పడ్డదేమో అనుకుని ఫోన్ చేసిన.
గుమాస్తా పేరు సభావట్ లచ్చిరాం.

"జారలే మేడం, నేనే నొక్కుత.
మా నాయన పేరు ఏసి వాయిదా అడుగుత,
ఎన్ని నెలలో జెప్తది, రద్దు జేస్త.
బాయి కాడ ఆయిలింజను ఉంటది గదా,
కరెంటొచ్చినంక దాంతోని పనేముంది?
అయినా ఏడాదికోపాలి తిప్పి సూస్తం.
తిప్పకుంటె పట్టేస్తది.
అక్కరొచ్చిన్నాడు తాడు సుట్టి గుంజితె
దగ్గు గూడ దగ్గదు."
కొంచెం ఆగి అడిగిండు:
"ఎందుకు, తీసేస్తున్రా?"

నాకు జవాబు దొరకలే.
వెనక ఎవరో యూరియా గురించి లొల్లి పెడుతున్రు,
"మల్ల జేస్త" అని ఆయనే పెట్టేసిండు.

మా పట్టికల ఒకటి అంటే వాడకం.
ఆయనకది మందలిచ్చుడు.
ఉన్నవా?
ఉన్న.

ఆదివారం రాత్రి మూడు తీసేసిన.
పండుగ శుభాకాంక్షల తెర.
చుక్కల ప్రింటరు అక్షరాలు.
పోయినేడు నేను ముచ్చటపడి పెట్టిన రంగుల గ్రాఫు,
దాన్ని నొక్కింది నేనొక్కదాన్నే,
అదీ ప్రభులింగానికి చూపించనీకె.

తొమ్మిది దగ్గర చాలాసేపు కూసున్న.
చేసింది సరైందో కాదో ఇప్పటికీ తెలవదు.
రేపు నా కుర్చీల కూసునే పిల్ల
ఈమె ఈ చెత్తంతా ఎందుకు దాచిందని తిట్టుకుంటది.
తిట్టనీ.
సార్ మాట కింద ఒక వరుస రాసిన:
"ఆయన లేడు. చందంపేటల లచ్చిరాంను అడుగు."
ఫోన్ నంబరు గూడ ఏసిన.

సోమవారం పొద్దున
దేవరకొండల, నాంపల్లిల, డిండిల
గుమాస్తాలు మిషిన్ తెరిచి,
రాని కరువుకు పదకొండు సెకన్ల కిస్తు
కడుతున్నమని తెలవకుండనే
చాయ్ మీది మీగడను పక్కకు ఊదుకుంటరు.